పాతర తవ్వుకుపోయినోళ్లు

బిడ్డలారా,

మొన్న టీవీలో డొక్కలు ఎండిన పిల్లల్ని చూసి చిన్నోడు అడిగిండు: "తాతా, మిలటరీని పంపి వాళ్లకు అన్నం పెట్టించొచ్చు గదా?" ఆ పూట సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

మీరు పాతర చూడలేదు. మన దేవరకొండ దిక్కు ఇంటి ముందు మనిషి లోతు గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు నింపి పైన మట్టి కప్పేవాళ్లు. తెరిచిన రోజు మా నాయన ముందు దీపం దించి చూసేవాడు. దీపం ఆరిపోతే లోపల గాలి మంచిది కాదని అర్థం, ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు. వాన లేని ఏడు ఆ జొన్నలతోనే గటక కాచుకుని బతికాం.

ఆఫ్రికాలోని సోమాలియాలో బైదోవా అనే ఊరు ఉంది. ఆ చుట్టుపక్కల కూడా జొన్నే పంట, అక్కడి రైతులూ నేలలో పాతర్లు వేసుకుంటారు. 1991 జనవరిలో సియాద్ బారే ప్రభుత్వం కూలిపోయింది. తుపాకులు పట్టిన దళాలు ఆ పల్లెల మీదుగా అటూ ఇటూ తిరుగుతూ పాతర్లు తవ్వుకుపోయాయి, గొడ్లను తోలుకుపోయాయి. దానికి తోడు వానలు కూడా లేవు. ఆ కరువులో లక్షల మంది చనిపోయారు.

కరువు మన పాలమూరుకూ వచ్చింది. జనం మేస్త్రీల వెంట బొంబాయి, పుణె వలసపోయారు. గంజి కేంద్రాల ముందు ముసలివాళ్లు గిన్నెలు పట్టుకుని కూర్చోవడం నా కళ్లతో చూశాను, ఆ బాధ చిన్నది కాదు. కానీ గంజికి బియ్యం తెచ్చే లారీకి తుపాకీ అడ్డం పెట్టినవాడు లేడు. సోమాలియాలో మొగదిషు రేవుకు తిండి వచ్చినా, దారిలో ముఠాలు దోచుకునేవి.

అందుకే 1992 డిసెంబర్ 3న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి, తిండి జనానికి చేరేలా సైన్యం పంపొచ్చని 794వ తీర్మానం చేసింది. 9న అమెరికా నాయకత్వంలో సైన్యాలు దిగాయి, 16కల్లా బైదోవా చేరాయి. లారీలు కదిలాయి, ఎన్నో ప్రాణాలు నిలబడ్డాయి. అయితే పసిపిల్లలు ఎక్కువగా పోయింది అంతకు కొన్ని నెలల ముందే. ఆ ఆలస్యాన్ని నేను క్షమించలేను.

తర్వాత సైన్యం పని మారింది.  1993 జూన్ 5న శాంతిసేనలోని 24 మంది పాకిస్తాన్ సైనికులు చనిపోయారు. ఆ తర్వాత, అన్నం బండ్లకు కాపలాగా మొదలైన సైన్యం ఐదీద్ అనే ముఠా నాయకుడి కోసం వీధులు గాలించింది. అక్టోబర్‌లో ఒక్క పోరులోనే 18 మంది అమెరికా సైనికులు, వందల మంది సోమాలీలు పోయారు. ఆ 18 మందినే లోకం గుర్తుపెట్టుకుంది.

ఇది చదివితే మా అమ్మ మాటే గుర్తొస్తుంది. 1948 సెప్టెంబర్ పోలీసు యాక్షన్‌ల యూనియన్ మిలటరీ వచ్చి రజాకార్లు పారిపోతే, మన నల్లగొండ పల్లెలు పండగ చేసుకున్నాయి. కొన్నాళ్లకు అదే మిలటరీ కమ్యూనిస్టులను వెతుక్కుంటూ ఇళ్లల్లోకి వచ్చింది. "హారతి పట్టిన చేతులతోనే తలుపులు వేసుకున్నం" అనేది.

సోమాలియా దెబ్బకు పెద్ద దేశాలు భయపడ్డాయి. 1994 ఏప్రిల్‌లో రువాండాలో జనాన్ని ఊచకోత కోస్తుంటే, అక్కడున్న శాంతిసేనను 270 మందికి తగ్గించమని భద్రతా మండలి నిర్ణయించింది. సుమారు వంద రోజుల్లో 8 లక్షల మంది దాకా చంపేశారు.

కాబట్టి చిన్నోడా, పంపొచ్చు. పంపాలి కూడా. కానీ పాతర తవ్వుతున్నప్పుడే పంపాలి, పిల్లల డొక్కలు టీవీలో కనబడ్డాక కాదు. పోయినవాళ్లు అన్నం బండికి దారి ఇప్పించి, ఊరి పెత్తనం ఊరివాళ్లకే వదిలేయాలి. అది ఎట్లా అని నువ్వు మళ్లీ అడుగుతావు. దసరాకు రా, కూర్చుని మాట్లాడుకుందాం. మన పాతర ఉన్న చోటు కూడా చూపిస్తాను, ఇప్పుడు మీ బాపు బండి పెడుతున్నది దాని మీదనే.

మీ తాత