నేల, నీటి సంరక్షణ పని: అపోహలు - వాస్తవాలు

చిత్తూరు జిల్లా పడమటి మండలాల వాటర్‌షెడ్ (వాన నీరు ఒకే వంకలోకి చేరే ప్రాంతం) పనుల్లో పదిహేడేళ్లుగా ఉన్నాను. ఈ వృత్తి గురించి ఊళ్లలోనూ, కొత్తగా చేరే యువతలోనూ తరచుగా వినే కొన్ని మాటలకు నా సమాధానాలు ఇవి.

అపోహ: నీటి సంరక్షణ అంటే వంకకు అడ్డంగా చెక్‌డ్యాం కట్టడమే.

వాస్తవం: చెక్‌డ్యాం మా పనిలో చివరికి రావలసినది. 1 హెక్టారు నేల మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5 లక్షల లీటర్ల నీరవుతుంది. అది వాలు మీద వేగం పుంజుకోకముందే, పడిన చోటే నిలపాలి. అందుకే గుట్ట తల నుంచి మొదలుపెట్టి, ముందు వాలుకు అడ్డంగా కందకాలు, తరువాత చిన్న పాయల్లో రాతి కట్టలు, ఆ తరువాత పొలాల గట్లు, వాటన్నిటి తరువాతే వంకలో కట్టడం. పలమనేరు వైపు ఒక వంకలో మేము ఈ వరుస తప్పి ముందే చెక్‌డ్యాం కట్టాము. రెండు పెద్ద వానలకే అది ఇసుకతో నిండిపోయింది. ఆ తప్పు నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

అపోహ: ఇంకా లోతుకు బోరు వేస్తే నీళ్లు తప్పక పడతాయి.

వాస్తవం: మన జిల్లాలో ఎక్కువ భాగం గ్రానైటు వంటి గట్టి రాయి. నీరు ప్రధానంగా పైనున్న శిథిల శిల పొరలోనూ, రాతి పగుళ్లలోనూ ఉంటుంది; లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్లు సాధారణంగా తగ్గిపోతాయి. వాన నీరు ఇంకనిచోట వెయ్యి అడుగుల బోరు కొత్త నీటిని పుట్టించదు, చాలాసార్లు పక్క రైతు బోరులోని నీటినే లాగుతుంది.

అపోహ: ఇది ఇంజనీర్ల పని.

వాస్తవం: మూడు కర్రలు, ఒక దారం, ఒక రాయితో చేసే ఎ-ఫ్రేమ్ అనే మట్టం చూసే సాధనంతో, వాలుకు అడ్డంగా ఒకే ఎత్తులో సాగే సమమట్టపు గీత గీయడం ఎవరైనా ఒక పూటలో నేర్చుకోగలరు. ఏళ్లు పట్టేది మరొకటి. ఎగువ రైతు తన చేనులో కందకానికి చోటు వదులుకుంటే, నీరు పెరిగేది దిగువ రైతు బావిలో. ఆ ఎగువ రైతును ఒప్పించడానికి ఆయన ఇంటి అరుగు మీద ఎన్ని సాయంత్రాలు కూర్చోవాలో ఏ అంచనా పత్రంలోనూ ఉండదు. గుట్ట మీద కొన్నాళ్లు మేత మానుకోమని అడుగుతున్నప్పుడు గొర్రెల కాపరులు గ్రామసభలో ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం. కరువు ప్రాంత పథకాలను సమీక్షించిన కేంద్ర ప్రభుత్వ హనుమంతరావు కమిటీ సిఫార్సుల తరువాత 1995లో అమలులోకి వచ్చిన వాటర్‌షెడ్ మార్గదర్శకాలు పనిని గ్రామ కమిటీల చేతికి ఇచ్చిందీ ఇందుకే.

అపోహ: ఈ పని అవసరం కరువు కాలంలోనే.

వాస్తవం: 2021 నవంబరు వరదల్లో తిరుపతి సమీపంలోని రాయలచెరువు కట్టకు ముప్పు ఏర్పడి, దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. అంతటి వానను కందకాలు ఆపుతాయని నేను చెప్పను. అయితే చెరువు నిండాక మిగులు నీరు బయటికి పోయే మొరవ కాలువలో ఆక్రమణలు లేకుండా చూడడం, కట్టను ఏటా పరిశీలించడం, కందకాల్లో చేరిన మట్టిని వానలు వెనుకబట్టగానే ఎత్తి దిగువ గట్టు మీద వేయడం, తడి ఏడాదిలో కూడా మానకూడని మా పనులు.