ఉప్పునీటి చిన్న అక్వేరియంలో వేసవి వేడి: ఫ్యాను ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు

పగడాలను, క్లౌన్ ఫిష్‌లను పెంచే ఇంటి అక్వేరియంలో నీరు 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలకడగా ఉండాలి. రోహిణి కార్తెలో ఏసీ లేని మన గదులు ఆ హద్దుకు ఐదారు డిగ్రీలు పైనే ఉంటాయి. ఈ వేడిని తగ్గించడానికి తొట్టె మీద చిన్న ఫ్యాను పెట్టమన్నది అందరూ చెప్పే మొదటి సలహా. అదే ఫ్యాను హైదరాబాదులో ఒకరి తొట్టెను కాపాడుతుంది, విశాఖపట్నంలో మరొకరి తొట్టెలో దాదాపు ఏమీ చేయలేకపోతుంది. లోపం ఫ్యానులో లేదు, ఆ ఊరి గాలిలోని తేమలో ఉంది. నీటిలోకి వేడి ఎంత చేరుతోంది, ఏ దారిన బయటికి పోతోంది అనే లెక్క ఒకసారి వేసుకుంటే, ఏ ఇంటికి ఏ ఉపాయం సరిపోతుందో డబ్బు ఖర్చు పెట్టకముందే తేల్చుకోవచ్చు.

అరవై లీటర్ల సముద్రపు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 245 కిలోజౌళ్ల శక్తి చాలు. నీటిలో మునిగి ఉండే 20 వాట్ల పంపు వాడుకునే కరెంటంతా చివరికి వేడిగానే నీటిలో కలుస్తుంది. రోజంతా తిరిగితే అది దాదాపు అర యూనిట్, అంటే సుమారు 1,730 కిలోజౌళ్లు. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే అరవై లీటర్ల తొట్టె ఒక్క రోజులో ఏడు డిగ్రీలు వేడెక్కుతుంది, రెండు వందల లీటర్ల తొట్టెలో అదే పంపు రెండు డిగ్రీలు మాత్రమే పెంచుతుంది. చిన్న తొట్టె మధ్యాహ్నపు ఎండకు ఇట్టే వేడెక్కడానికీ, పెద్ద తొట్టె సాయంత్రం దాకా నెమ్మదిగా కదలడానికీ కారణం ఇదే. తొట్టె చిన్నదైతే సంరక్షణ కూడా సులభమని కొత్తవారు అనుకుంటారు. వేడి విషయంలో వాస్తవం దానికి పూర్తిగా వ్యతిరేకం.

వేడి పెరిగినప్పుడు జీవులు రెండు వైపుల నుంచి చిక్కుకుంటాయి. సముద్రపు నీరు 25 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను కరిగించుకోగలదు, 30 డిగ్రీల వద్ద అది 6.2కు పడిపోతుంది. మంచినీటితో పోలిస్తే ఈ రెండూ తక్కువే, ఎందుకంటే ఉప్పు పెరిగేకొద్దీ వాయువులు కరిగే సామర్థ్యం తగ్గుతుంది. సరిగ్గా అదే సమయంలో చేపల శరీర క్రియల వేగం పెరిగి వాటి ఆక్సిజన్ అవసరం ఎక్కువవుతుంది; ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆ అవసరం ఇంచుమించు రెండింతలవుతుంది. చేపలు నీటి పైభాగానికి వచ్చి నోరు తెరుస్తూ వేగంగా మొప్పలు ఆడిస్తుంటే, వేడి కంటే ముందు ఆక్సిజన్ కొరతే వాటిని పీడిస్తోందని గ్రహించాలి. అప్పుడు మొట్టమొదట చేయవలసిన పని పంపు ముఖాన్ని పైకి తిప్పి నీటి ఉపరితలం బాగా కదిలేలా చేయడం. వేడితో పాటు అమ్మోనియాలో విషపూరితమైన వాయురూపపు వాటా కూడా పెరుగుతుంది కాబట్టి, ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో మేత తగ్గించడం మంచిది.

పగడాల సంగతి మరింత సున్నితమైనది. వాటి కణజాలంలో నివసించే సూక్ష్మ శైవలాలు (కంటికి కనిపించని నాచు లాంటి జీవులు) వెలుగుతో ఆహారం తయారుచేసి పగడానికి అందిస్తాయి. వేడి హద్దు దాటినప్పుడు ఆ శైవలాల కిరణజన్య సంయోగ క్రియ దెబ్బతిని హానికరమైన ఆక్సీకరణ పదార్థాలు పుడతాయి, పగడం ఆ శైవలాలను బయటికి నెట్టేస్తుంది, రంగు పోయి తెల్లని అస్థిపంజరం పైకి కనిపిస్తుంది. ఆ ప్రాంతపు అత్యంత వేడి నెల సగటుకు ఒక్క డిగ్రీ పైన కొన్ని వారాలు గడిస్తే చాలు, సముద్రంలో ఈ తెల్లబారడం మొదలవుతుంది. లక్షద్వీప్ పగడపు దిబ్బలు 1998, 2010, 2016 సంవత్సరాలలో ఇలాగే దెబ్బతిన్నాయి. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు తెల్లబారుతున్నాయని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

ఇక్కడ తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. మన సముద్రాల్లోనే వేసవిలో నీరు 30 డిగ్రీలకు చేరుతుంది కదా, ఇంట్లో 30 అయితే తప్పేమిటి? ఆ సముద్రపు పగడం తరతరాలుగా ఆ వేడికి అలవాటుపడింది, అక్కడ అలలు నిరంతరం ఆక్సిజన్ అందిస్తాయి, ఉష్ణోగ్రత వారాల తరబడి మెల్లగా పెరుగుతుంది. ఇంటి తొట్టెలో ఏడాదంతా 25 డిగ్రీల్లో ఉన్న పగడం ఒక్క మధ్యాహ్నంలో 30కి చేరడం వేరే సంగతి. పగడాలు లేకుండా, హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్‌లను మాత్రమే పెంచుకునేవారికి కొంత వెసులుబాటు ఉంది. నీరు బాగా కదులుతూ ఉంటే అవి 28, 29 డిగ్రీలను తట్టుకుంటాయి. మన వేసవికి, మన కరెంటు కోతలకు కొత్తవారు ఎంచుకోదగిన తొట్టె అదేనని నా నమ్మకం. మన సముద్రంలోని రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందినవి, వాటిని తీరం నుంచి తెచ్చుకోవడం నేరమన్న సంగతి కూడా ఈ సందర్భంలో గుర్తుంచుకోవాలి.

ఇక ఫ్యాను దగ్గరికి వద్దాం. ఫ్యాను గాలిని చల్లబరచదు; నీటి ఉపరితలం మీద పేరుకున్న తేమ గాలిని తోసివేసి నీరు త్వరగా ఆవిరయ్యేలా చేస్తుంది. మట్టి కుండలో నీరు చల్లబడే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,430 కిలోజౌళ్ల శక్తి కావాలి, అందులో ఎక్కువ భాగాన్ని మిగిలిన నీటి నుంచే తీసుకుంటుంది. రోజుకు ఒక లీటరు ఆవిరైతే, ఇరవై నాలుగు గంటలూ 28 వాట్ల వేడిని తొట్టె నుంచి లాగేసినట్టే. 20 వాట్ల పంపు, రోజుకు ఎనిమిది గంటలు వెలిగే 30 వాట్ల ఎల్ఈడీ దీపం ఉన్న తొట్టెలో, అవి కలిపే వేడిని తీసివేయడానికే దాదాపు ఒక లీటరు ఆవిరి కావాలి. నీరు గది కంటే చల్లగా ఉన్నంతసేపు అద్దాల గుండా గది వేడి కూడా లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి, వేసవిలో రెండు లీటర్లు తగ్గినా ఆశ్చర్యపోనక్కర లేదు. నీటి మట్టం తగ్గుతోందంటే ఫ్యాను పనిచేస్తోందని అర్థం.

అయితే ఈ చల్లదనానికి ఒక కింది హద్దు ఉంది. ఉష్ణమాపకం బల్బుకు తడిబట్ట చుట్టి గాలిలో ఉంచినప్పుడు అది చూపే అంకెను తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. ఆవిరి ద్వారా నీటిని అంతకంటే కిందికి దింపడం ఏ ఫ్యానుకూ సాధ్యం కాదు. హైదరాబాదులో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉంటే ఆ హద్దు 23 డిగ్రీల దగ్గర ఉంటుంది. విశాఖపట్నంలో ఉష్ణోగ్రత 34 డిగ్రీలే అయినా తేమ 75 శాతం ఉంటే ఆ హద్దు 30 డిగ్రీలకు చేరుతుంది. అంటే ఎండ తక్కువగా ఉన్న ఊళ్లోనే తొట్టె ఎక్కువ ప్రమాదంలో ఉంది. మనిషికి ఉక్కపోతలో చెమట ఆరనట్టే, ఆ గాలిలో తొట్టె నీరు కూడా ఆవిరి కాదు. తెలంగాణలో, రాయలసీమలో పొడి వేసవికి మంచి ఫ్యాను నీటిని రెండు నుంచి నాలుగు డిగ్రీలు దించగలదు. కోస్తా ఊళ్లలో పగడాలు పెంచాలనుకునేవారు ఏసీ గదికో, నీటిని నేరుగా చల్లబరిచే చిల్లర్ యంత్రానికో ముందుగానే సిద్ధపడాలి.

గదిలో ఎయిర్ కూలర్ వాడేవారు మరో విషయం గమనించాలి. కూలర్ గాలిని చల్లబరుస్తూ తేమను పెంచుతుంది, ఈ రెండూ కలిసి తడి బల్బు ఉష్ణోగ్రతను దాదాపు యథాతథంగా ఉంచుతాయి. కిటికీ తెరిచి ఉన్నంతవరకు కూలర్ తొట్టెకు మేలే చేస్తుంది, ఎందుకంటే అద్దాల గుండా వచ్చే వేడి తగ్గుతుంది. కిటికీలు మూసేస్తే తేమ గదిలోనే నిలిచిపోయి ఆ హద్దు పైకి జరుగుతుంది, కూలరూ ఫ్యానూ రెండూ విఫలమవుతాయి.

నీరు ఆవిరవుతుంది కానీ ఉప్పు ఆవిరి కాదు. అరవై లీటర్ల తొట్టెలో రోజుకు రెండు లీటర్ల చొప్పున మూడు రోజులు తగ్గితే, లీటరుకు సుమారు 35 గ్రాములున్న లవణీయత దాదాపు 39కి చేరుతుంది. పగడాలకు, రొయ్యలకు ఈ మార్పు వేడి అంత ప్రమాదకరం. తగ్గిన నీటికి బదులుగా ఉప్పు కలపని ఆర్ఓ నీటిని రోజూ పోయాలి. ఉప్పునీరు పోస్తే ఉప్పు రోజురోజుకూ పేరుకుపోతుంది, బోరు నీరు పోస్తే అందులోని ఖనిజాలు వారం వారం పేరుకుపోతాయి. మట్టం తగ్గగానే నీటిని తానే అందించే ఫ్లోట్ వాల్వ్ ఏర్పాటు, నా దృష్టిలో, ఫ్యానుతో పాటే కొనవలసిన వస్తువు.

ఫ్యాను కొనకముందే చేయదగిన పనులు కూడా ఉన్నాయి. ఎండాకాలంలో హీటరు ప్లగ్గు పూర్తిగా తీసివేయాలి. నీరు తగినంత వేడెక్కగానే దాన్ని ఆపవలసిన థర్మోస్టాట్ ఆగిపోని స్థితిలో ఇరుక్కుంటే తొట్టె ఉడికిపోతుంది. గాజు మూత తీసి, చేపలు బయటికి దూకకుండా సన్నని వల బిగించాలి. డాబా కింది గదిలో స్లాబు పగటి వేడిని రాత్రి పొద్దుపోయేదాకా వదులుతూ ఉంటుంది, కాబట్టి అత్యధిక ఉష్ణోగ్రత మధ్యాహ్నం రెండు గంటలకే వస్తుందని అనుకోకుండా సాయంత్రం, రాత్రి కూడా కొలిచి చూడాలి. ఆ సమయం తెలిశాక దీపాలు వెలిగే గంటలను దానికి దూరంగా, తెల్లవారుజాము వైపు జరపవచ్చు. తీవ్రమైన వేడితో పాటు తీవ్రమైన వెలుగు కలిసినప్పుడే పగడాలు ఎక్కువగా దెబ్బతింటాయి కాబట్టి ఈ మార్పుతో రెండు లాభాలున్నాయి. అద్దానికి అంటించే పట్టీ కొలతను నమ్మవద్దు. నీటిలో మునిగే డిజిటల్ ఉష్ణమాపకాన్ని దంచిన మంచు, నీరు కలిపిన గిన్నెలో ఉంచి సున్నా చూపుతోందో లేదో సరిచూసుకోవాలి.

చిల్లర్ ఖరీదైనదే కానీ తేమతో సంబంధం లేకుండా పనిచేసే సాధనం అదే. ఫ్రిజ్‌లో లాగా కంప్రెసర్‌తో నీటిలోని వేడిని లాగి బయటి గాలిలోకి వదులుతుంది. ఉప్పునీరు తినివేయకుండా లోపలి గొట్టం టైటానియంతో చేసినదై ఉండాలి. తొట్టె కింద మూసిన బల్లలో పెడితే అది తాను వదిలిన వేడి గాలినే తిరిగి పీల్చుకుంటుంది. కంప్రెసర్ లేకుండా కరెంటుతోనే చల్లబరిచే పెల్టియర్ రకం చిన్న కూలర్లు చవక, నిశ్శబ్దం. కానీ వాడే కరెంటుతో పోలిస్తే అవి తీసే వేడి చాలా తక్కువ, పది ఇరవై లీటర్లకు మించిన తొట్టెకు నేను వాటిని సూచించను.

కరెంటు పోయిన మధ్యాహ్నానికి మంచు సీసాలు ఉపయోగపడతాయి. ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన లీటరు సీసా కరిగి, తొట్టె నీటి స్థాయికి వచ్చేసరికి సుమారు 480 కిలోజౌళ్లు పీల్చుకుంటుంది, అంటే అరవై లీటర్ల తొట్టెను దాదాపు రెండు డిగ్రీలు దించుతుంది. ఒక్కసారిగా అంత మార్పు మంచిది కాదు కాబట్టి అర లీటరు సీసాలను గంట వ్యవధితో ఒక్కొక్కటిగా, మూత గట్టిగా బిగించి, పగడాలకు తగలకుండా పెట్టాలి. మంచు ముక్కలను నేరుగా వేస్తే లవణీయత పడిపోతుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఇంట్లో ఉండాలి, ఎందుకంటే కరెంటు లేనప్పుడు నీరు కదలక, వేడి కంటే త్వరగా ఆక్సిజన్ కొరతే చేపలను చంపుతుంది. పగడం అప్పటికే తెల్లబారితే అది ఇంకా చనిపోలేదు. వెలుగును సగానికి తగ్గించి, నీటిని 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచి, సన్నని మేత అందిస్తూ ఉంటే, కొన్ని వారాల నుంచి నెలల్లో శైవలాలు మళ్లీ దానిలో చేరే అవకాశం ఉంది.