కారులో అదనపు గేజ్‌లు: అపోహలు - వాస్తవాలు

బెంగళూరు జేసీ రోడ్డు చుట్టుపక్కల కార్ల ఎలక్ట్రికల్ పని చేసేవాళ్లలో నేనొకణ్ని. అనంతపురం, మదనపల్లె, నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనవాళ్లు బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి), ఆయిల్ ప్రెషర్, టెంపరేచర్ గేజ్‌లు పెట్టించుకోవడానికి వస్తుంటారు. దాదాపు అందరి మొదటి ప్రశ్నా డయల్ గురించే: ఏ రంగు, ఎంత సైజు, ఎక్కడ పెడితే బాగుంటుంది. నేనడిగేది మాత్రం సెన్సర్ ఎక్కడ కూర్చోబెడదాం, దాని ఎర్త్ ఎక్కడ పట్టిద్దాం అని. తప్పు చూపించే గేజ్ కన్నా గేజ్ లేకపోవడమే మేలు. గేజ్ లేనివాడు అనుమానం వస్తే ఆగి బానెట్ ఎత్తుతాడు. ఉన్నవాడు ముల్లును నమ్ముకుని తోలుకుంటూ పోతాడు.

అపోహ: "కంపెనీ టెంపరేచర్ ముల్లు నడిమధ్యనే ఉంటుందన్నా, నా బండి హీటెక్కదు."

ఆ ముల్లును అక్కడ ఉండేలాగే తయారుచేశారు. ఇప్పటి చాలా కార్లలో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు) సుమారు 80 డిగ్రీల నుంచి 105 దాకా ఎంత మారినా ముల్లు కదలదు. చిన్న చిన్న మార్పులకు జనం కంగారుపడి షోరూముకు పరుగెత్తకుండా చేసిన ఏర్పాటది. చిత్తూరు దాటాక మొగిలి ఘాట్‌లో ఏసీ వేసుకుని నిండు బండితో ఎక్కుతుంటే లోపల వేడి 92 నుంచి 103కి పోయినా మీకు తెలియదు. తెలిసేసరికి ముల్లు ఒక్కసారిగా ఎర్రగీత వైపు లేస్తుంది. విడి గేజ్ పెడితే ఆ పెరుగుదల మొదట్లోనే కనిపిస్తుంది.

కానీ ఒక్క మాట బాగా గుర్తుంచుకోండి. సెన్సర్ కొలిచేది తనకు తగులుతున్న నీళ్ల వేడిని. హోస్ పగిలి కూలెంట్ కారిపోతే సెన్సర్ గాల్లో ఉండిపోతుంది, ఇంజిన్ మాడిపోతున్నా ముల్లు కిందికి దిగుతుంది. ఘాట్ మధ్యలో టెంపరేచర్ ఉన్నట్టుండి పడిపోతే సంతోషించకండి, వెంటనే బండి పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయండి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు.

అపోహ: "ఆయిల్ లైటు వెలగడం లేదంటే ప్రెషర్ బాగున్నట్టే."

ఆ లైటు వెనక ఉండేది మామూలు స్విచ్చు. చాలా ఇంజిన్లలో ప్రెషర్ (దీని కొలత బార్‌లలో) 0.3 నుంచి 0.5 బార్‌కు పడిపోయాకే అది లైటు వెలిగిస్తుంది. నాలుగు వేల ఆర్‌పీఎమ్ మీద 3 బార్ ఉండాల్సినచోట ఒక్క బారే ఉన్నా లైటుకు పట్టదు, బేరింగులకు మాత్రం పడుతుంది.

గేజ్ పెట్టాక దీనికి ఎదురు భయం మొదలవుతుంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు 4 బార్ చూపిన ముల్లు, సాయంత్రం సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఐడిల్ మీద ఒకటికి దిగుతుంది. "అన్నా, పంపు పోయింది" అని ఫోన్. పోలేదు. వేడెక్కిన ఆయిల్ పల్చబడుతుంది, ఐడిల్‌లో పంపు నెమ్మదిగా తిరుగుతుంది, ప్రెషర్ తగ్గుతుంది. 0డబ్ల్యూ-20 లాంటి పల్చటి ఆయిల్ వాడే బండ్లలో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. మీ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన అంకెతో పోల్చుకోండి, పక్కవాడి బండితో కాదు.

అపోహ: "మర పట్టింది కదా, బిగించెయ్."

నాకు బాగా కోపం తెప్పించే మాట ఇది. మార్కెట్లో దొరికే సెండర్లు (గేజ్‌కు రీడింగ్ పంపే సెన్సర్లు) ఎక్కువగా 1/8 ఎన్‌పీటీ (అమెరికా పైపు కొలత) మరతో వస్తాయి. జపాన్ డిజైన్ ఇంజిన్లలో చాలావాటికి ఆయిల్ స్విచ్చు రంధ్రం 1/8 బీఎస్‌పీటీ (బ్రిటిష్ పైపు కొలత). మొదటిదానికి అంగుళానికి 27 మరలు, రెండోదానికి 28. మర కోణమూ వేరే: ఒకటి 60 డిగ్రీలు, ఇంకొకటి 55. చేత్తో తిప్పితే రెండు మూడు చుట్లు హాయిగా పోతుంది, తర్వాత బిగుసుకుంటుంది. "బాగా టైటయింది" అనుకుని పానా వేస్తే అల్యూమినియం బాడీలో మర చెడిపోతుంది, లేదా సన్నగా చీలిక పడుతుంది. వంద రూపాయల అడాప్టర్ కొనకపోతే ఇంజిన్ బాడీకే ఖర్చు పెట్టాలి.

కంపెనీ స్విచ్చు తీసేయొద్దు. టీ (మూడు దారుల జాయింటు) వేసి లైటు, గేజ్ రెండూ పనిచేసేలా పెట్టించండి. సెండర్ బరువుగా ఉంటుంది కాబట్టి ఇత్తడి టీకి నేరుగా వేలాడదీస్తే ఇంజిన్ అదురుకు టీ మెడ దగ్గర విరుగుతుంది. చిన్న అల్లిక హోస్‌తో ప్రెషర్ బయటికి తెచ్చి, సెండర్‌ను బాడీకి క్లాంపుతో పట్టించాలి. అప్పుడు దానికి విడిగా ఎర్త్ వైరు కావాలి. సింగిల్ వైరు సెండర్ మర ద్వారానే ఎర్త్ తీసుకుంటుంది. అందుకే నేరుగా ఇంజిన్‌కు బిగించేటప్పుడు కూడా టెఫ్లాన్ టేపు మందంగా చుట్టొద్దు, రీడింగ్ తప్పుతుంది. మరలకు పూసే ద్రవం సీలెంట్ కొంచెం చాలు.

అపోహ: "సెండర్ ఏదైనా ఒకటే."

కాదు. ప్రెషర్ పెరిగేకొద్దీ రెసిస్టెన్స్‌లో యూరప్ పద్ధతి ఆయిల్ సెండర్లు 10 నుంచి 180 ఓమ్‌లకు పెరుగుతాయి, అమెరికా పద్ధతివి 240 నుంచి 33కు తగ్గుతాయి. కలిపి వాడితే ఇంజిన్ ఆపినప్పుడు ముల్లు ఫుల్, రేజ్ చేస్తే కిందికి. గేజ్, సెండర్ జోడీగానే కొనండి.

అపోహ: "బూస్ట్ గేజ్ సున్నా దగ్గర నిలవడం లేదు, డిఫెక్ట్ పీస్."

బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి ఒత్తిడి సుమారు 0.91 బార్, చెన్నైలో 1.01. సముద్రమట్టానికి సెట్ చేసిన డిజిటల్ గేజ్ ఇక్కడ ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు మైనస్ 0.1 చూపడం సహజం. పెట్రోల్ బండి ఐడిల్ వాక్యూమ్ కూడా చెన్నై కన్నా దాదాపు 3 అంగుళాలు (పాదరసం) తక్కువ చూపుతుంది. ఇది తెలియక వాల్వులు పోయాయని ఇంజిన్ విప్పించుకోకండి. టర్బో లేని కారుకు బూస్ట్ గేజ్ అడగనే అడగొద్దు.

అపోహ: "ఓబీడీ డిస్‌ప్లే పెడితే ఏ వైరింగూ అక్కర్లేదు, అన్నీ చూపిస్తుంది."

కారు డయాగ్నస్టిక్ పోర్టుకు తగిలించే ఈ డిస్‌ప్లే కూలెంట్ వేడి బాగానే చూపిస్తుంది, చాలామందికి అదే చాలు, నేనూ అదే పెట్టుకోమంటాను. కానీ చాలా కార్లలో ఆయిల్ ప్రెషర్‌కు సెన్సరే ఉండదు, ఉండేది స్విచ్చు. లేని అంకెను డిస్‌ప్లే ఎక్కణ్నుంచి తెస్తుంది? మామూలు ఓబీడీ కోడ్‌లో ఇన్‌టేక్ ప్రెషర్ 255 కిలోపాస్కల్‌ (2.55 బార్) దగ్గర ఆగిపోతుంది. ఇక్కడి గాలి ఒత్తిడి తీసేస్తే 1.6 బార్ బూస్ట్. రీమ్యాప్ చేసిన (పవర్ కోసం సాఫ్ట్‌వేర్ మార్చిన) డీజిల్ అంతకన్నా ఎక్కువ లాగినా డిస్‌ప్లే అక్కడే నిలబడుతుంది. ఇంకోటి, వారాలతరబడి బండి నిలిపితే పోర్టులోంచి పీకేయండి, బ్యాటరీ దిగిపోవచ్చు.

అపోహ: "రన్నింగ్‌లో 14 వోల్టులు లేకపోతే ఆల్టర్నేటర్ పోయినట్టే."

పాత బండ్లకు నిజమే. ఇప్పటి చాలా కార్లలో ఛార్జింగ్‌ను ఈసీయూ (కారు కంప్యూటర్) నడుపుతుంది. బ్యాటరీ నిండితే 12.6 దగ్గరికి దించుతుంది, యాక్సిలరేటర్ వదలగానే పైకి లేపుతుంది.

అపోహ: "ఎ-పిల్లర్ మీద గేజ్‌లు పెడితేనే లుక్."

ఎ-పిల్లర్ అంటే ముందు అద్దం పక్కనుండే స్తంభం. కిటికీల పక్కన తెరుచుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారుకు నేను అక్కడ పెట్టను. ఎంత డబ్బిస్తానన్నా పెట్టను. గుద్దుకున్నప్పుడు ఆ బ్యాగు పిల్లర్ కవరును తోసుకుని తెరుచుకుంటుంది, దానిమీద బిగించిన గేజ్ నేరుగా తలకేసి వస్తుంది. పసుపు కప్లర్లు, పసుపు తొడుగు ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటినుంచి కరెంటు లాగడం కాదు, ముట్టుకోనే వద్దు. కరెంటు ఫ్యూజ్ బాక్సులో ఇగ్నిషన్ ఆన్‌లో మాత్రమే వచ్చే చోటునుంచి, ఫ్యూజ్ ట్యాప్ పెట్టి విడి ఫ్యూజ్‌తో తీసుకోవాలి. వైరును కొరికి పట్టే క్లిప్పులు, మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు మా దగ్గర ఉండవు. పని చేయించుకునేటప్పుడు పక్కనే నిలబడి జాయింట్లు, ఫ్యూజ్ చూపించమని అడగండి. చూపించడానికి ఇష్టపడని షాపులో బండి వదలకండి.