బండి మీద అవధానం

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర సాయంత్రం ఆరు గంటల వేళ పది నిమిషాలు నిలబడితే ముగ్గురు మనుషులు తప్పక కనబడతారు. మొదటివాడు మోటారు సైకిల్ నడుపుతూ ఒక చేత్తో ఫోన్‌ను చెవికి ఆనించుకుని ఉంటాడు. రెండవవాడు హెల్మెట్‌కూ చెంపకూ నడుమ ఫోన్‌ను ఇరికించుకుని, రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచి, గట్టిగా మాట్లాడుతూ బందరు రోడ్డు వైపు మళ్ళుతుంటాడు. మూడవ వ్యక్తి కారులో ఉంటాడు; అద్దాలు ఎత్తి ఉంటాయి, చేతులు స్టీరింగ్ మీదే ఉంటాయి, పెదవులు మాత్రం కదులుతుంటాయి, ఎందుకంటే ఆయన ఫోన్ బ్లూటూత్ ద్వారా కారు స్పీకర్లతో కలిసి ఉంది. ట్రాఫిక్ పోలీసు ఆపేది సాధారణంగా మొదటివాణ్ణే. రెండవవాడు ఒక్కోసారి దొరుకుతాడు, మూడవ ఆయన దొరకనే దొరకడు. ఈ ముగ్గురిలో ఎవరివల్ల ఎంత ప్రమాదమని అడిగితే మాత్రం, వారి మధ్య మనం అనుకునేంత తేడా ఉందని చెప్పడం కష్టం.

ముందు చట్టం సంగతి చూద్దాం. మన మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. దేశంలో మొదటి సెల్‌ఫోన్ సంభాషణ జరిగింది 1995 జూలై 31న. అందువల్ల ప్రమాదకరంగా వాహనం నడపడాన్ని నేరంగా పేర్కొన్న 184వ సెక్షన్‌లో ఫోన్ ప్రస్తావన లేకపోవడం సహజమే. 2019లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి, వాహనం నడిపేటప్పుడు చేతితో పట్టుకునే సమాచార పరికరాలను వాడడాన్ని ఆ సెక్షన్ కిందికే తెచ్చింది. 2019 సెప్టెంబర్ 1 నుంచి అమలైన ఈ సవరణ ప్రకారం, ప్రజలకు ప్రమాదం కలిగించేలా నడిపిన వ్యక్తికి మొదటిసారి ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు జైలు గాని, 1,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. మూడేళ్ళలోపు అదే తప్పు మళ్ళీ చేస్తే రెండేళ్ళ వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా. ఆ తరువాత 2020 అక్టోబర్‌లో అమలులోకి వచ్చిన నిబంధన, నడిపేవారి ఏకాగ్రత చెదరని రీతిలో దారి చూసుకోవడానికి మాత్రం ఫోన్‌ను వాడుకోవచ్చని ఒక వెసులుబాటు ఇచ్చింది. ఇంటింటికీ భోజనం, సరుకులు చేరవేసే యువకులు హ్యాండిల్‌కు ఫోన్ బిగించుకుని గుంటూరు బ్రాడీపేట సందుల్లో తిరగగలగడం ఈ వెసులుబాటు వల్లనే.

ఈ చట్టంలో ముఖ్యమైన మాట ‘చేతితో పట్టుకునే’ అన్నది. ఇది మన దేశపు ప్రత్యేకత కాదు. న్యూయార్క్ రాష్ట్రం 2001లోనూ, బ్రిటన్ 2003 డిసెంబర్‌లోనూ తెచ్చిన నిషేధాలు చేతిలో ఫోన్ పట్టుకోవడం మీదనే. చేతిలో ఉన్నది దూరం నుంచి కంటికి కనబడుతుంది, ఫొటోకు దొరుకుతుంది, కోర్టులో రుజువవుతుంది. మనసు ఎక్కడ ఉందో ఏ కెమెరాకూ అందదు. చట్టం చేసినవారి ఇబ్బంది నాకు అర్థమవుతుంది. అయితే దానివల్ల జనంలో ఒక నమ్మకం పాతుకుపోయింది. చేతులు ఖాళీగా ఉంటే చాలు, మాట్లాడడంలో తప్పు లేదన్నది ఆ నమ్మకం. కారు కొనేటప్పుడు బ్లూటూత్‌ను భద్రతా సదుపాయంగా లెక్కించేవారిని నేను చాలామందిని చూశాను.

ఈ నమ్మకాన్ని మొదట గట్టిగా ప్రశ్నించిన అధ్యయనం 1997లో కెనడాలోని టొరంటో నుంచి వచ్చింది. డొనాల్డ్ రెడెల్‌మేయర్ అనే వైద్యుడు, రాబర్ట్ టిబ్షిరానీ అనే గణాంక శాస్త్రవేత్త కలిసి, ప్రమాదానికి గురైన 699 మంది డ్రైవర్ల ఫోన్ బిల్లులను పరిశీలించారు. వారు అనుసరించిన పద్ధతిలో ఒక తెలివి ఉంది. ఒకరిని మరొకరితో పోల్చితే వయసు, అనుభవం, దుడుకుతనం వంటి తేడాలన్నీ అడ్డొస్తాయి. కాబట్టి వారు ప్రతి మనిషినీ అతనితోనే పోల్చారు: ప్రమాదం జరిగిన క్షణానికి ముందు అతను ఫోన్‌లో ఉన్నాడా, అంతకుముందు రోజు సరిగ్గా అదే వేళకు ఉన్నాడా అని చూశారు. ఫోన్ వాడకం ప్రమాదావకాశాన్ని సుమారు నాలుగు రెట్లు పెంచుతుందని తేలింది. చేతులకు పని లేకుండా మాట్లాడే పరికరాలవల్ల అదనపు భద్రత ఏమీ కనబడలేదు. 2005లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, ప్రమాదాల్లో గాయపడి ఆసుపత్రికి వచ్చిన 456 మంది డ్రైవర్ల మీద ఇదే తరహాలో జరిగిన పరిశీలన కూడా దాదాపు అదే నాలుగు రెట్ల లెక్కకు వచ్చింది. ఫోన్ చేతిలో ఉన్నా లేకున్నా పెద్ద తేడా లేదని అక్కడా తేలింది.

పరిశోధకులందరూ ఈ విషయంలో ఒకే మాట మీద లేరన్నదీ చెప్పాలి. అమెరికాలోని వర్జీనియా టెక్ సంస్థ నిజమైన రోడ్ల మీద తిరిగే వాహనాల్లో కెమెరాలు అమర్చి చేసిన అధ్యయనాల్లో, ఊరికే మాట్లాడడం వల్ల పెరిగే ముప్పు అంతగా కనబడలేదు. సందేశాలు టైపు చేయడం, నంబరు నొక్కడం వంటివే అసలు ప్రమాదకారులుగా తేలాయి. 2009లో వారు ప్రకటించిన లెక్క ప్రకారం, సందేశం టైపు చేస్తున్న లారీ డ్రైవరుకు ప్రమాదమో, ప్రమాదపు అంచు దాకా వెళ్ళే పరిస్థితో ఎదురయ్యే అవకాశం 23 రెట్లు ఎక్కువ. ఆరు సెకన్ల వ్యవధిలో 4.6 సెకన్ల పాటు వారి చూపు రోడ్డు మీద లేదు. ఈ సెకన్లను మన హైవే మీదికి తెచ్చి చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. 4.6 సెకన్లలో బండి 77 మీటర్లు పోతుంది. ఆరు ఆర్టీసీ బస్సులను ఒకదాని వెనుక ఒకటి నిలబెడితే ఎంత పొడవుంటుందో, అంత దూరం కళ్ళు మూసుకుని నడపడం వంటిది ఇది. జాతీయ రహదారి మీద మామూలుగా వెళ్ళే 80 కిలోమీటర్ల వేగానికైతే ఆ దూరం వంద మీటర్లు దాటుతుంది. తాడేపల్లి దగ్గర రోడ్డు దాటే పాదచారికి వంద మీటర్లంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

కళ్ళు రోడ్డు మీద లేకపోతే జరిగేది అందరికీ అర్థమవుతుంది. కళ్ళు రోడ్డు మీద ఉండి కూడా చూడకపోవడం ఎలా జరుగుతుందన్నదే నాకు ఎక్కువ ఆసక్తి కలిగించిన ప్రశ్న. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2003లో ప్రకటించిన ప్రయోగాల్లో, కారు నడిపిన అనుభూతి కలిగించే సిమ్యులేటర్‌లో మనుషులను కూర్చోబెట్టి, వారి కనుపాపలు ఎటు తిరుగుతున్నాయో పరికరంతో గమనించారు. దారి పక్కన ప్రకటనల బోర్డులు పెట్టారు. హ్యాండ్స్‌ఫ్రీ పరికరంలో మాట్లాడుతూ నడిపినవారి చూపు ఆ బోర్డుల మీద నిలిచింది, అయినా తరువాత ఆ బోర్డులను చూపిస్తే వారు గుర్తుపట్టినది తక్కువ. చూపు పడిన వస్తువు మనసుకు చేరలేదన్న మాట. కంటికి అందిన వెలుగు మెదడు దాకా పోయినా, దానిని గమనంలోకి తీసుకునే పని జరగకపోతే మనిషి దృష్టిలో ఆ వస్తువు లేనట్టే.

నాకు ఇది స్వయంగా తెలిసివచ్చింది. కొన్నేళ్ళ కిందట గుంటూరు నుంచి విజయవాడకు కారులో వస్తూ, కాజ టోల్‌గేట్ దాటాక మా అన్నయ్య ఫోన్ చేస్తే బ్లూటూత్‌లో మాట్లాడాను. పొలం కౌలు గురించి కొంచెం చిక్కుతో కూడిన లెక్క అది. కుంచనపల్లి దగ్గర ముందు పోతున్న మిరప టిక్కీల (బస్తాల) లారీ వేగం తగ్గించింది. దాని వెనుక ఎర్ర దీపాలు వెలగడం నేను చూశాను, చూస్తూనే ఉన్నాను. కాలు బ్రేకు మీదికి వెళ్ళేసరికి లారీ వెనుక కట్టిన తాళ్ళ ముళ్ళు లెక్కపెట్టగలిగేంత దగ్గరకు వచ్చేశాను. నా రెండు చేతులూ అంతసేపూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. చట్టం దృష్టిలో ఆ నిమిషంలో నేను ఏ తప్పూ చేయలేదు.

దీనికి కారణాన్ని వివరించడానికి మన తెలుగువారికి దూరం పోవలసిన పని లేదు. అవధానం అన్న మాటకు అర్థమే ఏకాగ్రత, శ్రద్ధ. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో అష్టావధానం చూడని సాహిత్యాభిమాని ఉండరు. ప్రశ్నలు వేసే ఎనిమిది మంది పృచ్ఛకుల మధ్య కూర్చున్న అవధాని ఎనిమిది పనులు ఒకేసారి చేస్తున్నాడని మనకు అనిపిస్తుంది. జాగ్రత్తగా గమనిస్తే అలా కాదు. అవధాని, ఇచ్చిన పాదంతో పద్యం పూర్తి చేయవలసిన సమస్యకు ఒక పాదం చెప్పి, ఇచ్చిన పదాలను పద్యంలో ఇమడ్చే దత్తపదికి మళ్ళి, అక్కడినుంచి వద్దన్న అక్షరాలు రాకుండా పద్యం చెప్పే నిషిద్ధాక్షరికి వెళ్ళి, ఆ తరువాతి ఆవృతంలో మళ్ళీ సమస్య దగ్గరకు వస్తాడు. అంటే ఒకదాని నుంచి మరొకదానికి వంతులవారీగా మారుతూ, వదిలినదాన్ని ధారణలో పదిలంగా ఉంచుకుంటాడు. మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పేదీ ఇదే: ఆలోచన అవసరమైన రెండు పనులను మెదడు ఒకే క్షణంలో చేయలేదు, ఒకటి ముగిశాకే రెండవదానికి నిర్ణయం తీసుకుంటుంది. మార్పు జరిగిన ప్రతిసారీ సెకనులో కొంత భాగం ఖర్చవుతుంది.

అవధానంలో అప్రస్తుత ప్రసంగం అనే అంశం ఎందుకు పెట్టారో ఇక్కడ గుర్తుకు తెచ్చుకోవాలి. పద్యం మనసులో కుదురుతున్న వేళ ఒక పృచ్ఛకుడు లేచి సంబంధం లేని మాట అందుకుంటాడు. ఏకాగ్రతను చెదరగొట్టడానికి మనిషి మాటను మించిన ఆయుధం లేదని ఆ ప్రక్రియను తీర్చిదిద్దిన పెద్దలకు తెలుసు. ఏళ్ళ తరబడి సాధన చేసిన అవధానికి అది పరీక్ష. పైగా అవధానికి ఒక సౌలభ్యం ఉంది, పద్యపాదం అతని కోసం ఆగుతుంది. ఏలూరు రోడ్డు మీద అడ్డంగా వచ్చే ఆటో ఆగదు. మాట్లాడుతూ నడిపినా ఏ లోపమూ చూపని అరుదైన మనుషులు ఉన్నారా అని యూటా పరిశోధకులు వాట్సన్, స్ట్రేయర్ 2010లో పరీక్షిస్తే, 200 మందిలో అలాంటివారు రెండున్నర శాతమే కనిపించారు. తాము ఆ రెండున్నర శాతంలో ఉన్నామని నమ్మేవారి సంఖ్య మాత్రం చాలా ఎక్కువని నా అనుభవం.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: పక్క సీటులో కూర్చున్న భార్యతోనో స్నేహితుడితోనో మాట్లాడడం లేదా, అది మాత్రం ప్రమాదం కాదా అని. 2008లో యూటా బృందమే దీనిని పరీక్షించింది. కొన్ని మైళ్ళు పోయాక హైవే దిగి ఫలానా చోట ఆగాలని డ్రైవర్లకు ముందే చెప్పారు. పక్కన మనిషితో మాట్లాడుతూ వెళ్ళినవారిలో ఎక్కువమంది సరైన చోట దిగారు. ఫోన్‌లో మాట్లాడినవారిలో దాదాపు సగం మంది ఆ మలుపు దాటి పోయారు. పక్కన కూర్చున్నవారు రోడ్డును కూడా చూస్తుంటారు. లారీ అడ్డొస్తే మాట ఆపుతారు, ‘చూసి, చూసి’ అంటారు, మలుపు గుర్తుచేస్తారు. ఫోన్‌కు అవతల ఉన్న మనిషికి వారధి మీద రద్దీ కనబడదు కాబట్టి, వారి మాట రోడ్డును బట్టి నెమ్మదించదు, ఆగదు.

ఇంత ముప్పు ఉన్నా ప్రభుత్వ లెక్కల్లో అది పలచగానే కనబడుతుంది. 2021లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,53,972 మంది చనిపోయారు. అందులో ఫోన్ వాడకం కింద నమోదైన మరణాలు 1,040. మద్యానికి ఊపిరి పరీక్ష ఉంది. ప్రమాదం జరిగిన చోట నుజ్జయిన బండి పక్కన పడి ఉన్న ఫోన్ మాత్రం ఆ క్షణంలో ఏం జరుగుతోందో తనంతట చెప్పదు. కాల్ వివరాలు తెప్పించి సమయాన్ని సరిచూసే ఓపిక ప్రతి కేసులోనూ సాధ్యం కాదు. అతివేగమని రాసి ఫైలు ముగించడం సులువు. అసలు సంఖ్య నమోదైనదానికంటే బాగా ఎక్కువగా ఉంటుందని నా నమ్మకం.

జరిమానాలు అవసరమే. ముఖ్యంగా టైపు చేసేవారి మీద అవి కఠినంగానే ఉండాలని నేను కోరుకుంటాను. అయితే ఫోన్ మాటకు ఇద్దరు మనుషులు కావాలి, మన చర్చ ఎప్పుడూ ఒక్కరి చుట్టూనే తిరుగుతుంది. ‘ఎక్కడున్నారు, ఇంకా రాలేదేం’ అని పది నిమిషాలకొకసారి డెలివరీ కుర్రాడికి ఫోన్ చేసేది ఇంట్లో కూర్చున్న మనమే. తెరమీద అతను ఎక్కడున్నాడో కనబడుతూనే ఉంటుంది. డ్రైవరు దారిలో ఉన్నాడని తెలిసీ లోడు వివరాలు అడిగేది సరుకు యజమానే.

లారీ సంఘటన తరువాత నేను అన్నయ్యకు జరిగింది చెప్పాను. అప్పటినుంచి ఆయన ఫోన్ చేసినప్పుడల్లా మొదటి మాటగా ‘బండి మీద ఉన్నావా?’ అని అడిగి, అవునంటే వెంటనే పెట్టేసేవాడు. కొంతకాలానికి అది కూడా సరిపోదని ఇద్దరికీ అర్థమైంది, అవునని చెప్పడానికైనా నేను ఎత్తాలి కదా. ఇప్పుడు గుంటూరులో బయలుదేరే ముందు ఆయనకు ఒక సందేశం పంపి, ఫోన్ శబ్దం ఆపేసి డాష్‌బోర్డు అరలో పెడతాను. ముప్పై అయిదు కిలోమీటర్ల దారి, రద్దీని బట్టి గంట పడుతుంది. ఇంటికి చేరి, బండి ఆపాక తెరిచి చూస్తే మూడు నాలుగు మిస్డ్ కాల్స్ ఉంటాయి. ఒక్కొక్కరికీ తిరిగి చేస్తాను.