కంచెలో సగం నేలలోనే ఉంటుంది

చిన్నీ, బుజ్జీ,

మేకల దొడ్డి చుట్టూ కట్టిన కరెంటు తీగలో ఏడు వేల వోల్టులు ఉంటాయని చెప్పానుగా, "మరి మేక ఎందుకు చావదు తాతా?" అని అడిగారు. ఫోన్‌లో చెప్పబోతుంటే సిగ్నల్ పోయింది. అందుకే ఈ ఉత్తరం.

మీ ఇంటి ప్లగ్గులో 230 వోల్టులే ఉన్నా ఆ కరెంటు ఆగకుండా వస్తుంది. పట్టుకున్న చెయ్యి బిగుసుకుపోయి ఇక వదల్లేదు. కంచెకు కరెంటు ఇచ్చే మన సోలార్ మిషను సెకనుకు సుమారుగా ఒక్క దెబ్బే కొడుతుంది. ఆ దెబ్బ సెకనులో వందో వంతు కూడా ఉండదు. మిగతా సమయమంతా ఖాళీ. ఆ ఖాళీలోనే మేక ముక్కు వెనక్కి లాక్కుంటుంది.

మిషను నుంచి రెండు వైర్లు వస్తాయి. ఒకటి కంచెకు పోతుంది, ఇంకోటి నేలలో దిగగొట్టిన ఇనుప కడ్డీలకు. మేక తీగను తాకితే కరెంటు దాని ఒంట్లోంచి, గిట్టల్లోంచి నేలలోకి దిగి, కడ్డీల మీదుగా మళ్ళీ మిషనుకు చేరాలి. ఆ చుట్టు పూర్తయితేనే దెబ్బ తగిలేది. పిట్ట రెండు కాళ్ళూ తీగ మీదే ఉంటాయి, నేలను తాకవు. అందుకే దానికేమీ కాదు.

ఇది తెలియక మొదటి ఏడాది నేను రెండడుగుల కడ్డీ ఒక్కటే దిగేశాను. ఎండాకాలం వచ్చేసరికి మన ఎర్రనేల పొడిపొడి అయి, ఆ చుట్టు సరిగ్గా పూర్తి కాలేదు. పెద్ద మేకపోతు దర్జాగా తీగల మధ్య నుంచి దూరి, పక్కవాళ్ళు బోరు కింద వేసిన వేరుశెనగ మేసొచ్చింది. మిషను పాడైందని అమ్మినాయనతో గొడవ కూడా పెట్టుకున్నాను. మిషను నిక్షేపంగా ఉంది! ఇప్పుడు ఆరడుగుల కడ్డీలు మూడు, పదేసి అడుగుల దూరంలో, తొట్టి నీళ్ళు పారే చోట ఉన్నాయి. ఎండలు ముదిరితే వాటి మొదట్లో రెండు బిందెలు పోస్తాను. ఇంటి ఎర్తింగుకు మాత్రం ఇవి బాగా దూరంగా ఉండాలి.

మేక నిజంగా తోస్తే ఈ తీగ ఆపలేదు. అది భయంతో ఆగాలి. కొత్త మేకను రెండు రోజులు చిన్న దొడ్లో ఉంచి, తీగ అవతల శెనక్కాయ కట్టె పెడతాను. మేత కోసం ముక్కు చాచి తగిలించుకుంటుంది. ముక్కు తడిగా ఉంటుంది కాబట్టి దెబ్బ బాగా తెలుస్తుంది. వీపుకు తగిలితే బొచ్చు అడ్డం. పైగా వెనక నుంచి తగిలిందంటే ముందుకే దూకుతుంది!

వానాకాలంలో పని ఎక్కువ. కింది తీగకు గడ్డి తగిలితే ప్రతి పరక నుంచీ కాస్త కరెంటు నేలలోకి కారిపోతుంది. కొడవలి పట్టుకుని వారానికోసారి చుట్టూ తిరగాల్సిందే. ఎక్కడ కారుతోందో కనుక్కోవడానికి నా పాత రేడియో ఉంది. స్టేషన్ లేని చోట ముల్లు పెట్టి తీగ వెంట నడిస్తే టక్, టక్ అని వినిపిస్తుంది. లీకు దగ్గర ఆ చప్పుడు పెరుగుతుంది. మీ అవ్వ నవ్వుతుంది గానీ, టెస్టర్ కొన్నాక కూడా నేను దీన్ని వదల్లేదు.

ఇక గట్టిగా చెప్పే మాట. అడవి పందుల కోసం కొందరు కరెంటు స్తంభం నుంచి నేరుగా తీగ లాగి చేను చుట్టూ కడతారు. మన రెండు రాష్ట్రాల్లో దానివల్ల రైతులు, కూలీలు, ఎడ్లు చనిపోయిన వార్తలు చాలాసార్లు చదివాను. అది నేరం కూడా. చూడ్డానికి రెండూ తీగలే, తేడా కనిపించదు. కాబట్టి హెచ్చరిక రాసిన పసుపు బోర్డు ఉన్నా లేకపోయినా ఏ చేను తీగనూ తాకొద్దు. మన కంచె కింద నుంచి కూడా తల వంచి దూరొద్దు. తలకు, మెడకు తగిలితే ప్రమాదం. గేటు నుంచే రండి.

సెలవులకు వచ్చేటప్పుడు రేడియోకి రెండు సెల్లులు తెండి. ఇక్కడి అంగట్లో అయిపోయాయి.

మీ తాత