మెక్సికో ట్రక్కు రాలేదు. మరి అమెరికా డ్రైవర్ బతుకు ఎందుకు మారింది?

మోంటెర్రేలోని ఫ్యాక్టరీలో ఎక్కించిన సరుకు టెక్సస్‌లోని డల్లాస్ చేరాలంటే మామూలుగా ముగ్గురు డ్రైవర్ల చేతులు మారుతుంది. మొదటి బండి మెక్సికో కంపెనీది. సరిహద్దుకు మెక్సికో వైపున్న నువెవో లారెడో ఊరి యార్డులో ట్రైలర్‌ను వదిలేసి వెనక్కి వెళ్లిపోతుంది. రెండోదాన్ని అక్కడ అందరూ ‘ట్రాన్స్‌ఫర్’ అంటారు. అది ఆ ట్రైలర్‌ను తగిలించుకుని వరల్డ్ ట్రేడ్ వంతెన దాటి, అమెరికా కస్టమ్స్ తనిఖీ, ఆపైన టెక్సస్ రాష్ట్ర పోలీసుల బండి తనిఖీ ముగించుకుని, లారెడోలోని మరో యార్డులో దించుతుంది. ప్రయాణం కొద్ది మైళ్లే, పట్టేది మాత్రం గంటలు. మూడోది అమెరికా కంపెనీ బండి. అక్కడి నుంచి ఐ-35 హైవే మీద ఉత్తరానికి తీసుకెళ్లేది అదే.

ఒక్క బండి చేయగల పనికి మూడు బండ్లు ఎందుకు? దీనికి జవాబు నాలుగు దశాబ్దాల విధానాల్లో ఉంది. అమెరికాలో సరిహద్దు ట్రక్కుల మీద చర్చ వచ్చిన ప్రతిసారీ ‘మెక్సికో డ్రైవర్లు వచ్చి మన ఉద్యోగాలు పట్టుకుపోతారు’ అన్న భయం ముందుకొస్తుంది. అది ఉత్తి భయమేమీ కాదు. అయితే దెబ్బ ఎటునుంచి పడిందో తెలియాలంటే అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం నాఫ్టా కంటే వెనక్కి, 1980కి వెళ్లాలి.

1935 నుంచి అమెరికాలో రాష్ట్రాల మధ్య తిరిగే ట్రక్కు కంపెనీకి ఏ దారిలో ఏ సరుకు మోయాలో, ఎంత కిరాయి తీసుకోవాలో అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ అనుమతి కావాల్సి ఉండేది. కొత్తవాళ్లు రావడం కష్టం కాబట్టి కిరాయిలు నిలకడగా ఉండేవి, ఆ కిరాయిల్లోంచే ట్రక్కు డ్రైవర్ల సంఘం టీమ్‌స్టర్స్ యూనియన్ మంచి వేతనాలు సాధించేది. 1980 జులై 1న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ఆ తలుపులు తెరిచింది. వేల సంఖ్యలో చిన్న కంపెనీలు పుట్టాయి, కిరాయిలు పడిపోయాయి, పేరున్న పాత యూనియన్ కంపెనీలు ఎన్నో మూతపడ్డాయి. దూరప్రయాణ డ్రైవర్‌కు మైలుకు ఇన్ని సెంట్లు అనే లెక్క స్థిరపడిపోయింది. బండి కదలకపోతే జీతం లేదు. నాఫ్టా రాకముందే జరిగిన మార్పు ఇది.

ఆ తెరిచిన తలుపే సరిహద్దు గొడవకూ మొదలు. అమెరికాలో అనుమతి దొరకడం తేలికయ్యేసరికి కెనడా, మెక్సికో కంపెనీలూ దరఖాస్తులు పెట్టాయి. ఆ దేశాలు మాత్రం అమెరికా కంపెనీలకు అదే సౌలభ్యం ఇవ్వలేదు. మెక్సికోలో ట్రక్కు రవాణా 1989 వరకు ప్రభుత్వం ఇచ్చే పరిమిత అనుమతుల చేతిలోనే ఉండేది. దాంతో 1982లో అమెరికా కాంగ్రెస్ రెండు దేశాలకూ కొత్త అనుమతులు ఆపేసింది. కెనడాతో కొద్ది నెలల్లోనే రాజీ కుదిరింది, మెక్సికో మీద నిషేధం మిగిలింది. మెక్సికో బండ్లను సరిహద్దు ఊళ్ల ‘వాణిజ్య మండలం’ వరకే రానిచ్చారు. ఊరి జనాభాను బట్టి అది సాధారణంగా 3 నుంచి 20 మైళ్లు. ట్రాన్స్‌ఫర్ బండి తిరిగేది ఆ కాస్త జాగాలోనే.

1994 జనవరి 1న అమల్లోకి వచ్చిన నాఫ్టా ఈ గీతను రెండు విడతల్లో చెరపాలని రాసుకుంది: 1995 డిసెంబరు 18 నుంచి సరిహద్దు రాష్ట్రాల దాకా, 2000 జనవరి 1 నుంచి దేశమంతా. మొదటి గడువు రోజునే క్లింటన్ ప్రభుత్వం భద్రతను కారణంగా చూపి అమలు నిలిపేసింది. టీమ్‌స్టర్స్, సొంత బండ్ల డ్రైవర్ల సంఘం ఓఓఐడీఏ, వినియోగదారుల సంస్థ పబ్లిక్ సిటిజన్ ఒకవైపు నిలబడ్డాయి. పెద్ద కంపెనీల సంఘమైన అమెరికన్ ట్రకింగ్ అసోసియేషన్స్ తెరవాలంది. ఈ చీలిక గుర్తుంచుకోదగ్గది. సరిహద్దు తెరిస్తే పెద్ద కంపెనీకి మెక్సికోలో భాగస్వామి దొరుకుతాడు, సొంత బండివాడికి దొరికేది పోటీదారు.

మెక్సికో ఫిర్యాదు చేసింది. నాఫ్టా వివాద మండలి 2001 ఫిబ్రవరి 6న అమెరికా మాట తప్పిందని ఏకగ్రీవంగా తేల్చింది. అప్పుడు కాంగ్రెస్ తలుపు తీస్తూనే దానికి ఇరవైకి పైగా గొళ్లాలు బిగించింది. 2002 ఆర్థిక సంవత్సరపు రవాణా కేటాయింపుల చట్టంలోని 350వ సెక్షన్ అదే. అనుమతి ఇచ్చేముందే కంపెనీ రికార్డులు పరీక్షించాలి. ఆ పరీక్షల్లో సగమైనా మెక్సికోలోని కంపెనీ ఆవరణలోనే జరగాలి. బండికి తనిఖీ స్టిక్కరు 90 రోజులకోసారి కొత్తగా పడాలి. బీమా అమెరికాలో లైసెన్సున్న కంపెనీదే అయ్యుండాలి. ఇన్‌స్పెక్టర్ విధుల్లో ఉన్న దాటుచోటే దాటాలి. ప్రమాదకర రసాయనాలు మోయకూడదు.

ఈ తనిఖీలో బండి ఎక్కడ దొరికిపోతుందో కాస్త దగ్గరగా చూద్దాం. ఎక్కువసార్లు దొరికేది బ్రేకుల దగ్గర. ఇంజిను ఆపి, గాలి ట్యాంకులో ఒత్తిడి 90–100 పౌండ్ల మధ్య ఉంచి, బ్రేకు తొక్కమంటారు. ఇన్‌స్పెక్టర్ బండి కిందికి దూరి ప్రతి బ్రేకు చాంబర్ (గాలి ఒత్తిడితో బ్రేకు కడ్డీని తోసే డబ్బా) నుంచి కడ్డీ ఎంత బయటికొచ్చిందో కొలుస్తాడు. మామూలు 30 రకం చాంబర్‌కు పరిమితి 2 అంగుళాలు. కడ్డీ ఆ పరిమితి కంటే పావు అంగుళం ఎక్కువ బయటికొస్తే ఆ బ్రేకు చెడిపోయినట్టే లెక్క. ఐదు ఇరుసుల బండికి 10 బ్రేకులు. అందులో 20 శాతం, అంటే రెండు చెడిపోయి ఉన్నా బండి అక్కడే ఆగాలి, బాగుచేసేదాకా కదలకూడదు. ట్రాన్స్‌ఫర్ బండ్లకు ఇది ఎక్కువగా ఎదురవడానికి కారణముంది. అవి చాలావరకు దూరప్రయాణాలు చేసి చేసి అలిసిన పాత బండ్లు. వంతెన మీద రోజంతా ఆగుతూ కదులుతూ ఉంటాయి కాబట్టి బ్రేకు లైనింగు త్వరగా అరుగుతుంది. బ్రేకు సందును తనంతట తానే సరిచేసే అడ్జస్టర్ అమెరికాలో 1994 అక్టోబరు తర్వాత తయారైన బండ్లకే తప్పనిసరి అయింది. అంతకుముందు వాటికి రెంచితో చేత్తో బిగించాల్సిందే. డ్రైవర్‌కు కూలి దాటింపుకు ఇంత అని ఇస్తారు. పొద్దున్నే బండి కింద దూరి అరగంట బ్రేకులు చూసుకుంటే ఆ రోజుకు ఒక దాటింపు పోవచ్చు.

అక్కడి నుంచి కథ కోర్టులకెక్కింది. బుష్ 2002 నవంబరులో నిషేధం ఎత్తేస్తే, పర్యావరణ అధ్యయనం చేయలేదంటూ తొమ్మిదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 2003లో అడ్డుకుంది. 2004 జూన్ 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును ఏకగ్రీవంగా కొట్టేసింది. 2007 సెప్టెంబరులో మెక్సికో బండ్లను దేశం లోపలికి రానిచ్చే ప్రయోగాత్మక కార్యక్రమం మొదలైంది. వంద మెక్సికో కంపెనీల దాకా అనుమతిస్తామన్నా, వచ్చినవి ముప్పైకి చేరలేదు. 2009 మార్చిలో కాంగ్రెస్ దానికి నిధులు ఆపేసింది.

మెక్సికో బదులు తీర్చుకున్న తీరు అమెరికా రైతులకు ఇప్పటికీ గుర్తుంది. సుమారు వారంలోనే దాదాపు 90 రకాల సరుకుల మీద 10 నుంచి 45 శాతం దాకా సుంకం వేసింది. వాటి ఎగుమతి విలువ ఏడాదికి 240 కోట్ల డాలర్లు. సరుకులను ఏరి ఏరి ఎంచింది: వాషింగ్టన్ రాష్ట్రపు బంగాళాదుంప ఫ్రైస్, ఒరెగాన్ క్రిస్మస్ చెట్లు, కాలిఫోర్నియా ద్రాక్ష. కాంగ్రెస్ సభ్యుల సొంత రాష్ట్రాలకు తగిలేలా వేసిన దెబ్బ అది. 2010 ఆగస్టులో జాబితా 99కి పెరిగి పంది మాంసం, జున్ను, ఆపిల్ కూడా చేరాయి. ఆ దుంపలనూ పళ్లనూ ప్యాకింగ్ షెడ్డు నుంచి సరిహద్దు దాకా మోసేవాళ్లు అమెరికా డ్రైవర్లే. ఉద్యోగాలు కాపాడటానికి వేసిన అడ్డుకట్ట కొందరు డ్రైవర్ల లోడ్లనే ఆపింది. టీమ్‌స్టర్స్ వాదనలో ఈ లెక్క ఎప్పుడూ తక్కువగానే వినిపించింది.

2011 జులైలో ఒప్పందం కుదిరి సుంకాలు సగం తగ్గాయి. అక్టోబరు 21న మొదటి బండి లారెడో దగ్గర దాటడంతో మిగతా సగమూ పోయాయి. ఈ రెండో ప్రయోగం మూడేళ్లు నడిచింది. మొదటి మూడు నెలలు ప్రతి దాటింపులోనూ బండినీ డ్రైవర్నూ తనిఖీ చేశారు. డ్రైవర్ ఇంగ్లిష్ పరీక్షించారు. బండి కదలికలు తెలిపే ఎలక్ట్రానిక్ పరికరాన్ని అమెరికా ప్రభుత్వ ఖర్చుతోనే బిగించారు. ఇంజిను 1998 అమెరికా ఉద్గార ప్రమాణానికైనా తగ్గకూడదన్నారు. ఇంతా చేస్తే పాల్గొన్నవి 15 కంపెనీలు. గణాంకాలకు సరిపడా నమూనా రావాలంటే 46 అవసరమని అధికారులే ముందు అంచనా వేసుకున్నారు. దాటింపులు 28,000కు పైగా జరిగినా, ఇంత తక్కువ కంపెనీలతో మొత్తం రంగం గురించి తీర్పు చెప్పలేమని రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2014 డిసెంబరులో రాశారు. అయినా 2015 జనవరిలో తలుపు అందరికీ తెరుచుకుంది. దాని మీద టీమ్‌స్టర్స్ వేసిన కేసు 2017లో వీగిపోయింది.

తలుపు తెరిచినా మెక్సికో కంపెనీలు బారులు తీరలేదు. ఇక్కడే అసలు సంగతి ఉంది. మెక్సికో డ్రైవర్ వచ్చేది బీ-1 అనే తాత్కాలిక వ్యాపార వీసా మీద. మోంటెర్రే నుంచి డల్లాస్‌కు సరుకు తేవచ్చు, తిరుగు ప్రయాణంలో అమెరికా నుంచి మెక్సికోకు సరుకు పట్టుకెళ్లవచ్చు. డల్లాస్‌లో ఎక్కించి హ్యూస్టన్‌లో దించకూడదు. దేశం లోపలి ఈ రవాణాను కాబోటాజ్ అంటారు, అది అమెరికా డ్రైవర్లకే. తిరుగు లోడు దొరక్కపోతే వందల మైళ్లు ఖాళీ బండి తోలుకెళ్లాలి. డీజిల్, బీమా, వంతెన దగ్గర గంటల నిరీక్షణ కలిపి చూసుకుంటే మెక్సికో కంపెనీకి ఈ బేరం గిట్టదు. అందుకే ట్రాన్స్‌ఫర్ పద్ధతి బతికింది. తనిఖీ పట్టిక కంటే ఖాళీ మైళ్ల లెక్కే ఎక్కువ బండ్లను ఆపిందని మా అభిప్రాయం.

అయితే నిబంధన కాగితం మీద ఉండటం వేరు, రోడ్డు మీద అమలు కావడం వేరు. కాబోటాజ్ పట్టుకోవాలంటే ఇన్‌స్పెక్టర్ లోడు రశీదు చదవాలి. పంపినవాడూ అందుకునేవాడూ ఇద్దరూ అమెరికాలోనే ఉండి, నడిపేది బీ-1 డ్రైవర్ అయితే అనుమానించాలి. అనుమతి పరిధి దాటి నడిపే బండిని ఫెడరల్ ట్రక్కు భద్రతా నిబంధనల్లోని 392.9ఎ కింద అక్కడికక్కడే నిలిపేయవచ్చు. కానీ రోడ్డు పక్క తనిఖీలో కళ్లు ముందుగా పోయేది బ్రేకులు, టైర్లు, డ్రైవింగ్ గంటల మీదికే. చౌక కిరాయి లోడు అలా ఒకటి దాటిపోయిందంటే ఆ రోజు నష్టపోయేది లారెడోలోనో శాన్ ఆంటోనియోలోనో లోడు కోసం ఫోన్ పట్టుకుని కూర్చున్న సొంత బండివాడు. ఓఓఐడీఏ ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నది న్యాయమైన ఫిర్యాదు.

మరోవైపు సరిహద్దు వ్యాపారం పెరిగి ఉద్యోగాలూ వచ్చాయి. 1994లో మెక్సికో నుంచి అమెరికాలోకి వచ్చిన ట్రక్కులు 30 లక్షల లోపు. ఇప్పుడు ఏటా 70 లక్షలకు పైనే. లారెడో నుంచి ఉత్తరానికి ఆ సరుకు మోసే మూడో బండి డ్రైవర్ అమెరికా ఉద్యోగే. పోయింది రెండో బండి పని. వంతెన దాటించే కూలి మెక్సికో వేతనాల లెక్కకు జారిపోవడంతో అమెరికా సరిహద్దు ఊళ్ల డ్రైవర్లు ఆ పోటీలో నిలవలేకపోయారు. ‘దేశీయ ఉద్యోగాలు’ అని ఒకే ముద్దగా మాట్లాడితే ఈ రెండూ కలిసిపోయి, ఎవరికి ఏం జరిగిందో కనపడదు.

2020 జులై 1న నాఫ్టా స్థానంలో వచ్చిన యూఎస్‌ఎంసీఏ ఒప్పందంలో అమెరికా కొత్త హక్కు దాచుకుంది. మెక్సికో దూరప్రయాణ బండ్ల వల్ల దేశీయ కంపెనీలకు, డ్రైవర్లకు గణనీయమైన హాని జరుగుతోందని పిటిషన్ వేస్తే అమెరికా ప్రభుత్వపు అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ విచారించాలి, హాని రుజువైతే అధ్యక్షుడు కొత్త అనుమతులను పరిమితం చేయవచ్చు.

తనిఖీనే విధానంగా వాడుకోవచ్చని 2022 ఏప్రిల్ చూపించింది. టెక్సస్ గవర్నర్ గ్రెగ్ అబాట్ మెక్సికో నుంచి వచ్చే ప్రతి ట్రక్కునూ రాష్ట్ర పోలీసులు మళ్లీ తనిఖీ చేయాలని ఆదేశించేసరికి కొన్ని వంతెనల దగ్గర నిరీక్షణ రోజు దాటింది, కూరగాయలు ట్రైలర్లలోనే పాడయ్యాయి. పది రోజుల లోపే నాలుగు మెక్సికో రాష్ట్రాల గవర్నర్లతో ఒప్పందాలు చేసుకుని ఆదేశం వెనక్కి తీసుకున్నారు. యార్డులో ఖాళీగా ఎదురుచూసిన అమెరికా డ్రైవర్‌కు ఆ రోజుల మైళ్లు ఎవరూ తిరిగివ్వలేదు.

2025లో దృష్టి భాష మీదికి మళ్లింది. డ్రైవర్‌కు ఇంగ్లిష్ రావాలన్న నిబంధన పాతదే. 2016 నుంచి దాని కోసం బండి ఆపడం మానేశారు. 2025 ఏప్రిల్ 28 నాటి ట్రంప్ ఆదేశంతో జూన్ 25 నుంచి మళ్లీ ఆపుతున్నారు. ముందు ఇంగ్లిష్‌లో ప్రశ్నలు, తర్వాత రోడ్డు గుర్తుల పరీక్ష, దుబాసీ ఉండకూడదు. సరిహద్దు వాణిజ్య మండలంలో మాత్రం తప్పు రాసి వదిలేస్తారు, బండి ఆపరు. అంటే ట్రాన్స్‌ఫర్ బండికి మళ్లీ మినహాయింపే. ఆగస్టులో వాణిజ్య ట్రక్కు డ్రైవర్లకు ఉద్యోగ వీసాలు ఆపుతున్నట్టు విదేశాంగ మంత్రి మార్కో రూబియో ప్రకటించారు.

ఇన్ని ఆదేశాల మధ్య కదలని నిబంధన ఒకటుంది. 1938 నాటి కార్మిక ప్రమాణాల చట్టంలోని 13(బి)(1) సెక్షన్ ప్రకారం రాష్ట్రాల మధ్య నడిపే ట్రక్కు డ్రైవర్‌కు వారానికి 40 గంటలు దాటినా ఓవర్‌టైమ్ ఇవ్వాల్సిన పనిలేదు. గోడౌన్ దగ్గర లోడింగు ఆలస్యమైతే మొదటి రెండు గంటలు ఉచితమే అన్నది ఆనవాయితీ. అందుకే ఆలస్యం ఖర్చు సరుకు యజమాని మీద కాక డ్రైవర్ మీద పడుతుంది. ఈ మినహాయింపు తీసేయాలని 2022 నుంచి కాంగ్రెస్‌లో బిల్లు పదేపదే ప్రవేశపెడుతున్నారు. ఒక్కసారీ అది చట్టం దాకా వెళ్లలేదు.