రాయి కరిగాక మిగిలిందే మట్టి

పిడుగురాళ్ల సున్నపు బట్టీలో 100 కిలోల మేలురకం సున్నపురాయి వేసి 900 డిగ్రీల దాకా కాలిస్తే 56 కిలోల సున్నం చేతికొస్తుంది. మిగతా 44 కిలోలూ కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలిసిపోతాయి. ఇదే రాయిని నిప్పు లేకుండా కరగదీసే పని వాన కూడా చేస్తుంది, కాకపోతే వేల ఏళ్లు తీసుకుంటుంది. బట్టీలో సగానికి పైగా మిగులుతుంది కానీ వానకు చిక్కిన రాయిలో పట్టుమని పది కిలోలు మిగిలితే గొప్ప. ఆ మిగిలిన కాస్తే సున్నపురాతి కొండ మీద కనిపించే మట్టి.

విజయవాడ వాళ్లకి కొండమట్టి అంటే ఎర్రమట్టే. ఇక్కడి కొండలు తూర్పు కనుమల ఖొండలైట్ తరహా రాయి. అందులోని ఖనిజాల్లో ఫెల్డ్‌స్పార్ శిథిలమై బంకమట్టి అవుతుంది, గార్నెట్‌లోని ఇనుము తుప్పుపట్టి ఎరుపునిస్తుంది, క్వార్ట్జ్ ఇసుకై రాలుతుంది. రాయిలో చాలా భాగం రూపం మార్చుకుని అక్కడే ఉండిపోతుంది. గుంటూరు నుంచి సత్తెనపల్లి మీదుగా పల్నాడులోకి వెళ్తే కథ మారుతుంది. అది కడప బేసిన్ అనే పురాతన పల్లపు ప్రాంతానికి ఈశాన్యపు కొస. ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద గట్టిపడి అక్కడి రాయి అయింది. ఆ రాయిలో గవ్వల కోసం వెతికి లాభం లేదు. గవ్వలూ గుల్లలూ ఉన్న జీవులు సుమారు 54 కోట్ల ఏళ్ల కిందట గానీ రాలేదు, ఈ రాయి అంతకంటే పాతది. మన ఇళ్లల్లో పరిచిన మాచర్ల నాపరాళ్లు ఆ కోవలోవే. అమరావతి స్తూపం శిల్పాలు చెక్కిందీ పల్నాడు సున్నపురాతి మీదే.

వాన చినుకు గాల్లోంచి కాస్త కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకొస్తుంది, అయితే అసలు బలం దానికి నేలలో దిగాకే వస్తుంది. వేర్లూ సూక్ష్మజీవులూ ఊపిరి వదులుతూ ఉంటాయి కాబట్టి మట్టి సందుల్లోని గాలిలో ఈ వాయువు బయటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అది నీటిలో కలిసి పలచని కార్బానిక్ ఆమ్లం అవుతుంది. ఆ ఆమ్లం తగిలితే సున్నపురాతిలోని కాల్షియం కార్బనేట్ కాస్తా బైకార్బనేట్‌గా మారి నీళ్లలో కరిగి వెళ్లిపోతుంది. అలా వెళ్లిన చోట మిగిలిన ఖాళీలే గుహలు: మన పల్నాడులో గుత్తికొండ బిలం, నంద్యాల జిల్లాలో బెలూం. సున్నపురాతి ప్రాంతపు బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది చూడండి, అది కొండలోంచి కరిగొచ్చిన రాయే. గిన్నెలో మళ్లీ రాయి అవుతుంది.

కరగకుండా మిగిలేది రాయిలో ముందునుంచీ చిక్కుకుని ఉన్న బంకమట్టి, సన్న ఇసుక, ఇనుపతుప్పు. రాయిలో 95 శాతం కార్బనేట్ ఉందనుకుందాం. చదరపు మీటరు మేర ఒక మీటరు మందం రాయి బరువు సుమారు 2700 కిలోలు. అది మొత్తం కరిగితే మిగిలేది 135 కిలోలు, అంటే ఓ పది సెంటీమీటర్ల మట్టి. అదీ వాలు మీద ఒక్క రవ్వ కూడా కొట్టుకుపోకుండా ఉంటే. కొండవాలులో అది జరిగే పని కాదు. అందుకే ఈ నేలలు జానెడు లోతు కూడా ఉండవు.

క్వారీ అంచున గానీ రోడ్డు కోసం తవ్విన చోట గానీ ఈ నేల అడ్డుకోత బాగా కనిపిస్తుంది. పైన కాస్త మట్టి, అందులో నిండా రాతిముక్కలు, వెంటనే బండ. మామూలు పొలంలో ఉండే మధ్యపొర ఇక్కడ ఉండదు. బండ పగుళ్లలోకి మాత్రం మట్టి చీలికలుగా కిందికి దిగి ఉంటుంది. చెట్ల వేర్లు కూడా ఆ దారినే వెళ్తాయి. రెండు పలకల మధ్య నలిగి బద్దలా చదునుగా పెరిగిన వేరు దొరికితే, కొండ మీద చెట్టు ఎండాకాలం ఎలా గట్టెక్కుతోందో తెలిసిపోతుంది. నీళ్లూ ఆ పగుళ్లలోనే దిగిపోతాయి కాబట్టి పైమట్టి వాన వెలిసిన కొద్ది రోజులకే పొడిబారుతుంది.

యూరప్‌లో ఇలాంటి నేలని రెండ్జీనా అంటారు. అక్కడ అది నల్లగా, పొడిపొడిగా ఉంటుంది. కుళ్లిన ఆకుల హ్యూమస్‌ని కాల్షియం గట్టిగా పట్టి ఉంచుతుంది, పైగా చల్లటి వాతావరణంలో అది తొందరగా హరించుకుపోదు. మన ఎండలకి హ్యూమస్ నిలవడం కష్టం. చెట్ల నీడలో తప్ప మన సున్నపు నేలల్లో ఆ నలుపు అరుదు.

ఈ నేలని గుర్తుపట్టడానికి ఒక నిమ్మచెక్క చాలు. పొడి మట్టి గడ్డ మీద నాలుగు చుక్కలు పిండి చెవి దగ్గర పెట్టుకోండి. సన్నగా బుస్సుమంటుంది, చూస్తుండగానే చిన్న బుడగలు లేస్తాయి. ఆ బుడగలు బట్టీలోంచి పోయిన 44 కిలోల తాలూకు వాయువే.

సున్నం ఉన్నంతకాలం ఈ మట్టి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.5 నుంచి 8.4 మధ్య తిరుగుతూ ఉంటుంది. 8.5 దాటిందంటే సాధారణంగా అది సున్నం పని కాదు, సోడియం పని. మనవాళ్లు చవుడు అనేది దాన్నే. ఈ రెంటినీ ఒకటే అనుకుని, చవుడుకి వేసే జిప్సంని సున్నపు నేలకీ తోలిస్తుంటారు. జిప్సం ఇచ్చేది కాల్షియం. కాల్షియంలో మునిగిన నేలకి ఇంకో లారీ కాల్షియం ఎందుకు, డబ్బు దండగ. పోనీ గంధకం వేసి సున్నాన్ని విరిచేద్దామా? ఎకరంలో 15 సెంటీమీటర్ల లోతు మట్టి దాదాపు 900 టన్నులు. అందులో సున్నం ఒక్క శాతమే అనుకున్నా 9 టన్నులు, దాన్ని విరవడానికి దాదాపు 3 టన్నుల గంధకం కావాలి. నేలలో పది శాతం సున్నం ఉంటే ఆ లెక్క వేసుకోకపోవడమే మంచిది.

పంటకి అసలు ఇబ్బంది ఇనుముతో. మట్టిలో ఇనుముకి కొదవలేదు, ఆ కాస్త ఎరుపూ గోధుమరంగూ దానివే. కానీ పీహెచ్ ఒక్క పాయింటు పెరిగితే నీటిలో దొరికే ఫెర్రిక్ ఇనుము వెయ్యో వంతుకి పడిపోతుంది. బత్తాయి, నిమ్మ, వేరుశనగల్లో లేతాకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం పచ్చగా నిలుస్తాయి. పసుపు కనపడగానే యూరియా చల్లేవాళ్లున్నారు. నత్రజని లోపమైతే ముందు ముదురాకులు పసుపెక్కుతాయి, లేతాకులు కావు. పైగా ఇలాంటి నేల మీద యూరియా చల్లి వదిలేస్తే కొంత అమ్మోనియాగా ఆవిరైపోతుంది కూడా. ఇనుము ఇచ్చే అన్నభేదిని (ఫెర్రస్ సల్ఫేట్) నేలలో వేసినా సున్నం దాన్ని కట్టిపడేస్తుంది. అందుకే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి ఆకుల మీదే పిచికారీ చేయిస్తారు. జింకు, భాస్వరాలకీ ఈ నేలలో దాదాపు ఇదే గతి.

భూసార పరీక్ష కార్డు చూసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ల్యాబులో మట్టిని 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, కిందికి దిగినదాన్నే పరీక్షిస్తారు. పైన మిగిలిన రాళ్లు పక్కకి పోతాయి. పొలంలో సగం రాళ్లే అయితే ఎకరానికి ఉన్న పోషకాలూ, నిలిచే నీరూ కార్డు చెప్పినదాంట్లో దాదాపు సగమే.

రాళ్లన్నీ ఏరిపారేయడం కూడా సరికాదు. పైన పరుచుకున్న రాళ్లు చినుకు దెబ్బని మట్టికి తగలనివ్వవు, ఎండకి తేమ ఆవిరవడాన్ని తగ్గిస్తాయి. దున్నకానికి అడ్డొచ్చే పెద్ద రాళ్లని తీసి, గట్టు మీద గుట్టగా పోయకుండా, వాలుకి అడ్డంగా కట్టలా పేరిస్తే కొట్టుకొచ్చే మట్టి దాని వెనక ఆగుతుంది. సీతాఫలమో రేగో పెట్టడానికి చాలినంత లోతు ముందుగా వచ్చేది అక్కడే.